పది డిగ్రీలకే రియాక్షన్ రేటు రెట్టింపు ఎలా అవుతుంది?

మీరడిగింది ఇదీ: 25 నుంచి 35 డిగ్రీలకు వేడి చేస్తే అణువుల సగటు శక్తి పెరిగేది 3 శాతం పైచిలుకే, మరి రియాక్షన్ రేటు (వేగం) రెట్టింపు ఎందుకవుతుందని. ఇంటర్‌లో నాకూ ఇదే డౌటు. అడిగితే 'ముందు ఫార్ములా రాసుకో' అన్నారు. జీడిమెట్లలో ఓ మందుల కంపెనీ స్టెబిలిటీ ల్యాబ్‌లో (మందు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో పరీక్షించే చోట) చేరాక గానీ తలకెక్కలేదు.

సగటుతో ఇక్కడ పనిలేదండి. అణువులు ఢీకొన్నంత మాత్రాన రియాక్షన్ జరగదు, కనీసం ఇంత శక్తితో ఢీకొనాలి. ఆ 'ఇంత' పేరే యాక్టివేషన్ ఎనర్జీ. 1889లో ఆర్హీనియస్ దీన్ని లెక్కలో పెట్టాడు:

కె = ఏ × ఇ^(−ఈఏ/ఆర్‌టీ)

కె రేటు స్థిరాంకం (ఇది ఎన్ని రెట్లయితే రియాక్షన్ వేగం అన్ని రెట్లు), ఇ అంటే సుమారు 2.718 అనే స్థిర సంఖ్య, ఈఏ యాక్టివేషన్ ఎనర్జీ, ఆర్ అంటే వాయు స్థిరాంకం 8.314 (జౌల్‌లలో), టీ ఉష్ణోగ్రత కెల్విన్‌లో, అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలపాలి. ఏ సంగతి ప్రస్తుతానికి వదిలేయండి, దాదాపు మారదు. అసలు కథంతా ఘాతంలో ఉంది.

ఈఏ మోల్‌కు 53 కిలోజౌల్, అంటే 53,000 జౌల్ అనుకుందాం. 25 డిగ్రీల దగ్గర ఘాతం −21.4. అంటే సుమారు 195 కోట్ల ఢీల్లో ఒక్కటి గట్టెక్కుతుంది. 35 దగ్గర ఘాతం −20.7. ఇప్పుడు 97 కోట్లకు ఒకటి. ఘాతంలో కదిలింది 0.7 మాత్రమే, ఇ^0.7 అంటే రెండు! అందుకే రెట్టింపు.

కానీ 'పది డిగ్రీలకు రెట్టింపు' అని బట్టీ పట్టకండి. అది ఈ 53కే, ఈ ఉష్ణోగ్రతకే కుదిరింది. ఈఏ 100 అయితే అదే పది డిగ్రీలకు 3.7 రెట్లు. ఉత్ప్రేరకం (రియాక్షన్‌ని వేగం చేసే పదార్థం, క్యాటలిస్ట్) ఈఏని 10 కిలోజౌల్ తగ్గించిందంటే, అసలు వేడే చేయకుండా 25 డిగ్రీల దగ్గరే సుమారు 57 రెట్లు.

మా ల్యాబ్‌లో మాత్రలను 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచేవాళ్లం. మందు పాడయ్యే రియాక్షన్‌కు ఈఏ 83 కిలోజౌల్ అనుకుంటే, 30 డిగ్రీల కన్నా 40లో దాదాపు 2.9 రెట్లు వేగంగా పాడవుతాయి. మే నెలలో హైదరాబాద్ ఎండకు కారు డాష్‌బోర్డు మీద మందులు వదిలేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ అందుకే.

ఇడ్లీ పిండికి మాత్రం ఈ లెక్క కొంతవరకే పనిచేస్తుంది. కూకట్‌పల్లిలో మా ఇంట్లో జనవరి రాత్రి పొంగని పిండి మేలో తెల్లారేసరికి గిన్నె దాటుతుంది, నిజమే. అలాగని 70 డిగ్రీల్లో పెడితే ఇంకా త్వరగా పులుస్తుందనుకోకండి, పులియబెట్టే సూక్ష్మజీవులే చచ్చిపోతాయి.

రెండు ఉష్ణోగ్రతల దగ్గర కె తెలిస్తే ఈఏ కనుక్కోవచ్చు (ఎల్ఎన్ అంటే సహజ సంవర్గమానం, నేచురల్ లాగ్): ఎల్ఎన్(కె2/కె1) = (ఈఏ/ఆర్) × (1/టీ1 − 1/టీ2). చేరిన మొదటి నెలలో ఎక్సెల్‌లో టీ బదులు 25, 35 అనే కొట్టేశాను. 53 రావాల్సిన చోట అర కిలోజౌల్ వచ్చింది. సీనియర్ స్క్రీన్ వైపు చూసి, '273 ఎక్కడ బాబూ?' అన్నాడు. మీకూ జవాబు వింతగా వస్తే ముందు ఆ టీ కాలమ్‌నే చూసుకోండి.