బొగ్గుతో నడిచిన బస్సు

ప్రశ్న: కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పుట్టింటికి బొగ్గు బస్సులో వెళ్లేదాన్నని, ఎత్తు వచ్చినచోట అందరూ దిగి నడిచేవారని మా నాయనమ్మ చెప్పేది. బొగ్గుతో బస్సు ఎలా నడిచేది? అంతకుముందు పల్లెలకు రాకపోకలు ఎలా సాగేవి?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: మీ నాయనమ్మగారు చెప్పినది అక్షరాలా నిజం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు రేషన్ రావడంతో, బస్సుల యజమానులు వాహనం వెనక భాగాన నిలువెత్తు ఇనప పీపాలు బిగించారు. ఆనాటి రైలింజనులో బొగ్గు నీటిని మరిగించి ఆవిరిని పుట్టించేది. ఈ బస్సుకు ఆవిరితో పని లేదు. పీపాలో కర్రబొగ్గు నింపి, అడుగున నిప్పు రాజేసి, గాలిని చాలీచాలకుండా అందిస్తే, బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే మండే వాయువు పుడుతుంది. దానిని గొట్టాలలో చల్లార్చి, మసిని వడగట్టి, గాలితో కలిపి ఇంజనులోకి పంపితే పెట్రోలుకు బదులు అదే మండేది.

ఇందులో అసలు కష్టమంతా క్లీనరుది. బస్సు బయలుదేరే వేళకు చాలా ముందే లేచి, నిప్పు అంటుకునేదాకా పిడి పట్టుకొని గాలిచక్రం తిప్పుతూ ఉండాలి. వాయువు సరిగా వస్తున్నదో లేదో తెలుసుకోవడానికి గొట్టం చివర అగ్గిపుల్ల గీసి చూసేవారు. మంట నిలకడగా వెలిగితేనే హ్యాండిల్ తిప్పి ఇంజనును లేపేవారు. ఆ వాయువుకు వాసన లేదు, పీలిస్తే ప్రాణాంతకం. ఆ పొగలో, ఆ బూడిదలో రోజూ పనిచేసిన ఆ కుర్రవాళ్లను మన ఊళ్ల చరిత్రలో ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. పెట్రోలుతో పోలిస్తే ఇంజను బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గేది కాబట్టి, ఎత్తు రాగానే ప్రయాణికులు దిగవలసి వచ్చేది, ఒక్కోసారి బస్సును తోయవలసి వచ్చేది కూడా.

ఇక అంతకుముందు సంగతి. మనుషులకు గూడుబండి, సరుకుకు ఎడ్లబండి; గంటకు రెండు మూడు మైళ్ల నడక. యుద్ధానికి ముందే ప్రైవేటు మోటారు బస్సులు పెట్రోలుతో తిరిగేవి. హైదరాబాదు సంస్థానంలోనైతే 1932లో నిజాం రైల్వే సంస్థే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సు మనుషులనే కాక, టాపు మీద కూరగాయల గంపలను, బస్తాలను, తపాలా సంచులను మోసేది. పట్నం నుంచి మందు సీసా తెచ్చిపెట్టమని కండక్టరుకే చెప్పి పంపేవారు. పూర్వం బండివాడు చేసిన పనులలో చాలా భాగం అలా బస్సువాళ్ల చేతికి వచ్చింది.

అయితే బండి మాయమైపోలేదు. బస్సు కంకర రోడ్డు మీదే నడిచేది. రోడ్డు లేని ఊరి జనం దారి మొగలో దిగి, తమ కోసం వచ్చిన బండి ఎక్కేవారు. మీ నాయనమ్మగారి పుట్టిల్లు రోడ్డుకు దూరమైతే, బొగ్గు బస్సు దిగిన తరువాత ఆవిడ ఇల్లు చేరింది బహుశా ఎడ్లబండి మీదే.