ఎన్నారై సందేహాలు: ‘కో’ అని ఉంటే మన వాటా ఎంత?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి చదువుకోవడానికి అమెరికాలోని ఒహాయో వచ్చిన తమ్ముడు అడిగాడు: “అక్కా, ఎడ్యుకేషన్ లోన్‌లో నాన్న కో-అప్లికెంట్. అద్దె కాగితంలో నేను కో-టెనెంట్. సీనియర్ ఒకాయన కారు లోన్‌కి కో-సైనర్‌గా ఉంటావా అంటున్నాడు. డాక్టర్ దగ్గర కో-పే అడిగారు, ఇన్సూరెన్స్ పేపర్లో కో-ఇన్సూరెన్స్ అని ఉంది. ఇవన్నీ ఒకటేనా?”

ఒకటి కావు తమ్ముడూ. కానీ వాటిలో ఉన్న ‘కో’ మాత్రం ఒకటే. లాటిన్‌లో దానికి ‘కలిసి’ అని అర్థం. పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మారుతుంది. కంపెనీలో, కాంట్రాక్టులో, కొలేటరల్‌లో ఉన్నది కూడా అదే. ఖర్చుని చెప్పే ‘కాస్ట్’ కూడా ఆ కుదురు నుంచే వచ్చింది. బళ్ళో కో-ఎడ్యుకేషన్ అంటే సహవిద్య, కో-ఆపరేషన్ అంటే సహకారం అని నేర్చుకున్నాం. పరీక్షకి అంతవరకు చాలు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో నా వాటా ఎంత? అవతలివాళ్ళు కట్టకపోతే ఎవరు కట్టాలి?

కో-సైనర్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. మాది బరంపురం. నాన్నగారు పెద్దబజారులో పట్టు చీరల కొట్లో గుమస్తాగా చేసేవారు. వీధిలో ఎవరు సొసైటీలో అప్పు తీసుకున్నా సాక్షి సంతకం కోసం మా ఇంటికి వచ్చేవారు. ఆయన చేతులు తుడుచుకుని పెట్టేసేవారు. సాక్షి సంతకం వేరు, జామీను సంతకం వేరు. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు. నేనే కనుక్కోలేదు.

నేను ఉద్యోగంలో చేరి, కార్డు బిల్లులు వేళకి కట్టి, క్రెడిట్ స్కోరు కాస్త నిలబెట్టుకున్న రోజులవి. రాయగడ వైపు అబ్బాయి ఒకడు పరిచయమయ్యాడు. ఒడిశా తెలుగువాళ్ళం, మన పరిస్థితి తెలిసిందే కదా. ఇక్కడి తెలుగువాళ్ళు ఆంధ్రానా, తెలంగాణానా అని అడుగుతారు. ఒడియావాళ్ళు మీరు తెలుగువాళ్ళు కదా అంటారు. తెలుగులో ఒడియా కలిపి మనలాగే మాట్లాడే మనిషి దొరికితే ప్రాణం లేచొస్తుంది. అతను కారు లోన్‌కి కో-సైన్ చేయమన్నాడు. అది జామీను సంతకమని తెలియక, నేను సాక్షి సంతకమే అనుకుని పెట్టాను. సంతకానికి ముందు కో-సైనర్‌కి వేరే నోటీసు ఇవ్వాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఉంది. నాకూ ఇచ్చారు. దాన్ని మిగతా కాగితాలతో కలిపి మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

అతని ఉద్యోగం పోయింది. వాయిదాలు ఆగాయి. నాకు చెప్పలేదు. నేను సొంతంగా కారు కొనబోతే లోన్ రాలేదు. ఎందుకా అని క్రెడిట్ రిపోర్టు తీస్తే అతని అప్పు నా పేరు మీద, కట్టని వాయిదాలతో సహా కనబడింది. అతని కారు మీద నాకు ఏ హక్కూ లేదు, టైటిల్‌లో, అంటే యాజమాన్య పత్రంలో, నా పేరే లేదు. అప్పు మాత్రం మొత్తం నాది కూడా. చాలా రాష్ట్రాల్లో అప్పిచ్చినవాళ్ళు ముందు అతన్ని అడగాలని కూడా లేదు, నేరుగా నా మీదకే రావచ్చు. ఆ కొన్నాళ్ళు ఇంటికి డబ్బు పంపలేకపోయాను. అమ్మ ఫోన్ చేస్తే ఆఫీసులో బిజీ అని పెట్టేసేదాన్ని. బాకీ పడ్డ వాయిదాలు నేనే కట్టాను. అతనికి మళ్ళీ ఉద్యోగం దొరికాక వెంటపడి అతని ఒక్కడి పేరు మీద రీఫైనాన్స్ చేయించాను, అంటే కొత్త అప్పు తీయించి పాతది తీర్పించాను. ఎవరి సాయమూ లేకుండా బయటపడ్డాను. ఆ రోజుల్లో ఇలా చెప్పేవాళ్ళు మాకు లేరు, మీకున్నారు. కాబట్టి ఆ సీనియర్‌కి వద్దని చెప్పు. చదువుకునే కుర్రాడివి, ఆ అప్పు మొత్తం నువ్వు ఒక్కడివే కట్టగలిగితే తప్ప సంతకం పెట్టకూడదు.

కో-బారోయర్ అనీ, కో-అప్లికెంట్ అనీ అంటే ఇద్దరూ కలిసి అప్పు తీసుకున్నట్టు. అక్కడ సాధారణంగా వస్తువు కూడా ఇద్దరిదీ అవుతుంది. అయినా టైటిల్ చూసుకో.

కో-టెనెంట్ విషయంలో నీ లీజు తీసి ‘జాయింట్లీ అండ్ సెవరల్లీ’ అనే మాట కోసం వెతుకు. చాలా లీజుల్లో ఉంటుంది. నలుగురు కలిసి ఉంటే నీ వంతు నాలుగో భాగం అనేది మీలో మీరు అనుకున్న లెక్క. ఇంటి యజమానికి ఆ లెక్కతో పని లేదు. ఒకడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే మొత్తం అద్దె మీలో ఎవరినైనా అడగవచ్చు.

కో-పే, కో-ఇన్సూరెన్స్ దగ్గర మనవాళ్ళు మరీ తికమక పడతారు. కారణం ఉంది. మన దేశంలో పెద్దవాళ్ళ హెల్త్ పాలసీల్లో కో-పే అంటే బిల్లులో ఇంత శాతం మనం కట్టాలని. అమెరికాలో కో-పే అంటే డాక్టర్ని చూసినప్పుడు కట్టే స్థిరమైన మొత్తం, 30 డాలర్లు అంటే 30 డాలర్లే. శాతం లెక్కని ఇక్కడ కో-ఇన్సూరెన్స్ అంటారు. అది డిడక్టిబుల్, అంటే ఇన్సూరెన్స్ తన వాటా కట్టకముందు ఏడాదిలో మనమే కట్టుకోవాల్సిన మొత్తం, నిండాక మొదలవుతుంది. నీ డిడక్టిబుల్ 1,500 డాలర్లు, కో-ఇన్సూరెన్స్ 20 శాతం అనుకో. ఇన్సూరెన్స్ ఒప్పుకున్న బిల్లు 4,000 వస్తే ముందు 1,500 నీవి. మిగిలిన 2,500లో 20 శాతం, అంటే 500 నీవి. మొత్తం 2,000 నీ జేబులోంచి పోతుంది. 80 శాతం ఇన్సూరెన్స్ కడుతుందని విని నీ వాటా 800 అనుకుంటే, చేతిలో 1,200 తక్కువ పడతాయి. నెట్‌వర్క్‌లో ఉన్న డాక్టరేనా, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవారేనా అని ముందే ఫోన్ చేసి కనుక్కో. ఏడాదికి నువ్వు కట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంతో నీ యూనివర్సిటీ ప్లాన్‌లో ఉంటుంది, చూసుకో. నెలనెలా కట్టే ప్రీమియం అందులోకి రాదు.

ఉద్యోగంలో చేరాక కోబ్రా అని వింటావు. అది 1985 నాటి చట్టం పేరులోని మొదటి అక్షరాలు కలిపిన మాట. ఉద్యోగం పోయినా ఆఫీసు ఇన్సూరెన్స్‌ని సాధారణంగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. కానీ కంపెనీ కట్టే వాటా కూడా నువ్వే కట్టాలి, ప్రీమియంలో 102 శాతం వరకు అడగవచ్చు. జీతం లేని నెలలో ఆ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఉద్యోగం ఉన్నప్పుడే కొంత డబ్బు పక్కన పెట్టుకో.

ఇక మీ నాన్నగారి కో-అప్లికెంట్ సంగతి. నువ్వు అడగకపోయినా నాకు ఇదే దిగులు. నువ్వు కట్టకపోతే పర్లాకిమిడిలో బ్యాంకువాళ్ళు ఆయన దగ్గరికే వస్తారు, ఆయన సిబిల్ స్కోరు, అంటే మన దేశంలో క్రెడిట్ స్కోరు, కూడా దెబ్బతింటుంది. చదువు అయ్యేదాకా కట్టక్కర్లేదని చెప్పి ఉంటారు, కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతూ ఉంటుంది. క్యాంపస్ ఉద్యోగం దొరికితే నెలకి ఆ వడ్డీ వరకైనా పంపు. ఇప్పటిదాకా ఎంత వడ్డీ చేరిందో నాన్నగారిని ఈ వారంలోనే బ్యాంకుకి వెళ్ళి స్టేట్‌మెంట్ తీసుకోమను. ఆ కాగితం ఫోటో నాకు పంపితే లెక్క ఇద్దరం కూర్చుని చూద్దాం.