టెక్ సందేహాలు: స్టార్ట్ బటన్ నొక్కే ముందు, నొక్కిన తర్వాత

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కారు స్టార్ట్ చేయడం గురించే ఉన్నాయి. ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు కేటాయించిన చోట కారు గురించి రాయవచ్చా అని ఒకరిద్దరు సంకోచిస్తూనే అడిగారు. ఇప్పటి కారు కంప్యూటర్ల మాట మీద నడిచే యంత్రం కాబట్టి నిరభ్యంతరంగా అడగవచ్చు.

*నెల క్రితం బటన్ స్టార్ట్ ఉన్న ఆటోమేటిక్ కారు కొన్నాం. ఒక్కోసారి బటన్ నొక్కితే మీటర్ లైట్లన్నీ వెలుగుతాయి గాని ఇంజిన్ స్టార్ట్ కాదు. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే లోపమేమీ లేదంటున్నారు. — హన్మకొండ పాఠకురాలు*

వారు చెప్పింది నిజమే కావచ్చు. పాత కార్లలో తాళం తిప్పితే సెల్ఫ్ మోటారుకు కరెంటు వెళ్లే దారి తెరుచుకునేది. స్టార్ట్ బటన్ అలాంటిది కాదు, అది కారులోని కంప్యూటరుకు మనం పెట్టుకునే అర్జీ. ఆ అర్జీ అందగానే కంప్యూటర్ ఆ కారుకు చెందిన కీ లోపలే ఉందా, గేరు పార్క్‌లో గాని న్యూట్రల్‌లో గాని ఉందా, బ్రేకు పెడల్ తొక్కి ఉందా అని చూసుకుంటుంది, వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా సెల్ఫ్ తిరగనివ్వదు. బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కితే చాలా మోడళ్లలో మొదటిసారి పాటలు వినడానికి సరిపడా కరెంటు వస్తుంది, రెండోసారి మీటర్ లైట్లు వెలుగుతాయి, మూడోసారి అన్నీ ఆరిపోతాయి. మీకు ఎదురవుతున్నది ఆ రెండో దశే. అందులోనే బండిని వదిలేసి దిగిపోతే కొన్ని గంటల్లో బ్యాటరీ దిగిపోతుంది.

బ్రేకు తొక్కుతూనే ఉన్నామని మీరు అనవచ్చు. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు పెడల్‌ను రెండు మూడు సార్లు తొక్కితే పెడల్ తొక్కడాన్ని తేలిక చేసే బ్రేకు బూస్టర్‌లో నిల్వ ఉన్న వ్యాక్యూమ్ (గాలి లేని ఖాళీ) ఖర్చయిపోయి, పెడల్ రాయిలా గట్టిపడుతుంది, మామూలుగా తొక్కితే కిందికి దిగదు. పెడల్ దగ్గరుండే స్విచ్ అందుకోనంతవరకు మీరు బ్రేకు తొక్కినట్లు కంప్యూటరుకు తెలియదు. ఈసారి అలా జరిగినప్పుడు సీటులో వెనక్కి ఆనుకుని పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుని, అప్పుడు బటన్ నొక్కండి. సాయంత్రం పూట అయితే వెనక గోడ మీద బ్రేకు లైట్ల ఎర్రటి వెలుగు పడుతోందేమో అద్దంలో చూడండి. గట్టిగా తొక్కినా లైట్లు వెలగకపోతే బ్రేకు స్విచ్‌ను అనుమానించాలి. సర్వీస్ సెంటర్ వారికి సరిగ్గా ఆ మాటే చెబితే వెతుకులాట తగ్గుతుంది.

మాన్యువల్ గేరు బండ్లు వాడేవారికి ఇక్కడే ఒక మాట. కొత్త కార్లు చాలావాటిలో క్లచ్ పూర్తిగా తొక్కితే గాని సెల్ఫ్ తిరగదు గాని, తాళంతో స్టార్ట్ అయ్యే పాత కార్లలో ఈ కాపలా లేదు. గేరులో ఉన్న బండికి బయట నిలబడి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పితే, బండి ముందుకు ఎగిరి ఎదురుగా ఉన్న మనిషిని గుద్దేస్తుంది. సీటులో కూర్చుని, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు రాడ్డును అటూ ఇటూ కదిపి న్యూట్రల్ అని నిర్ధారించుకుని, క్లచ్ తొక్కాకే తాళం ముట్టుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే తాళం బండికి వదిలి దిగవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

*జేబులో కీ ఉండగానే కీ కనిపించడం లేదని తెర మీద వస్తోంది. రాత్రిపూట దారిలో ఇలా జరిగితే ఏం చేయాలి? — నెల్లూరు పాఠకుడు*

ముందుగా కంగారు పడకూడదు. నాకే ఒకసారి శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద టీ తాగడానికి ఆగినప్పుడు ఇలా జరిగింది. కీలో ఉండే బిళ్ల బ్యాటరీ, చాలా మోడళ్లలో సీఆర్ 2032 అనే 3 వోల్టులది, బలహీనపడితే కీ పంపే రేడియో సంకేతం కారుకు చేరదు. అయితే కీలో బ్యాటరీ అవసరమే లేని మరో చిన్న చిప్ కూడా ఉంటుంది. కారులోని కాయిల్ (తీగచుట్ట) దగ్గరికి తెస్తే ఆ కాయిల్ నుంచే శక్తి తీసుకుని అది తన గుర్తింపు చెప్పుకుంటుంది, మెట్రో కార్డును గేటుకు తాకించినట్లే. ఆ కాయిల్ చాలా కార్లలో స్టార్ట్ బటన్ వెనకే ఉంటుంది. కాబట్టి బ్రేకు తొక్కి, కీ కొసతోనే బటన్‌ను నొక్కితే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. నేనూ అలాగే ఆ రాత్రి ఇల్లు చేరాను. కొన్ని మోడళ్లలో కీ పెట్టే చోటు వేరుగా ఉంటుంది కాబట్టి మీ కారు పుస్తకంలో ఆ పేజీని ఈ రోజే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. తలుపు తెరుచుకోకపోతే, కీ పక్కనున్న చిన్న మీట జరిపితే లోపలి నుంచి ఇనుప తాళం బయటికి వస్తుంది.

*పొద్దున్నే సెల్ఫ్ కొడితే టకటకమనే శబ్దం తప్ప ఇంజిన్ తిరగడం లేదు. పక్కింటివారి కారు నుంచి కరెంటు తీసుకోవచ్చా? — ఖమ్మం పాఠకుడు*

తీసుకోవచ్చు, పద్ధతి తప్పకూడదు. ఆ టకటక శబ్దం సెల్ఫ్ మోటారు మీదున్న సోలినాయిడ్ అనే అయస్కాంత స్విచ్‌ది. దాన్ని లాగడానికి కొద్దిపాటి కరెంటు చాలు, ఇంజిన్‌ను తిప్పడానికి మాత్రం 100 ఆంపియర్లకు పైగా కావాలి. బ్యాటరీ అంత ఇవ్వలేక వోల్టేజీ పడిపోగానే సోలినాయిడ్ వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది, మళ్లీ వదిలేస్తుంది. రాత్రంతా కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, 12.2 చూపితే సగం దిగినట్లు, 12 కంటే తక్కువైతే ఖాళీ అయినట్లే. మన ఎండలకు 3, 4 ఏళ్లకే బ్యాటరీ బలహీనపడటం మామూలు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉన్నా, బిగింపు వదులైనా ఇదే శబ్దం వస్తుంది కాబట్టి ముందు అది చూడండి.

కేబుళ్లు తగిలించేటప్పుడు రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా, రెండింటి ఇంజిన్లూ ఆపి ఉండాలి. ఎర్ర కేబుల్ ఒక కొస మీ బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస వారి బ్యాటరీ ప్లస్‌కు పెట్టాలి. తర్వాత నల్ల కేబుల్ ఒక కొస వారి బ్యాటరీ మైనస్‌కు పెట్టి, చివరి కొసను మీ బ్యాటరీకి కాకుండా దానికి దూరంగా, రంగు వేయని ఇంజిన్ లోహానికి పట్టించాలి. చివరిగా తగిలించే చోట నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచి మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతూ ఉంటుంది, ఆ రెండూ కలవకూడదనే ఈ జాగ్రత్త. వారి ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపాక మీరు సెల్ఫ్ కొట్టండి, అదీ ఒక్కోసారి 5 సెకన్లకు మించకుండా, మధ్యలో అర నిమిషం విరామమిస్తూ. ఆగకుండా కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. బండి స్టార్ట్ అయ్యాక కేబుళ్లను తగిలించిన వరుసకు తలకిందులుగా తీయాలి. ఆటోమేటిక్ కారును తోసి స్టార్ట్ చేయాలనే ప్రయత్నం మాత్రం వద్దు, అది జరిగే పని కాదు.

*చలికాలంలో పావుగంట ఇంజిన్ ఆన్ చేసి వేడెక్కించాలంటారు, నిజమేనా? — అరకు పాఠకుడు*

పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బ్యురేటర్లు ఉన్న పాత కాలంలో నిజం, ఇప్పుడు కాదు. ఆయిల్ పైదాకా చేరడానికి అర నిమిషం చాలు, ఆ తర్వాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. డీజిల్ కారైతే మీటర్‌లో చుట్టతీగ ఆకారంలో ఉన్న గ్లో ప్లగ్ (సిలిండర్‌ను ముందుగా వేడిచేసే ప్లగ్) లైట్ ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి. మూసి ఉన్న షెడ్డులో గాని, గాలి ఆడని సెల్లార్‌లో గాని ఇంజిన్ నడుపుతూ కూర్చోవడం ప్రాణాంతకం, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది.

*వర్షానికి సెల్లార్‌లో సీటు దాకా నీళ్లు వచ్చి ఇప్పుడు తీశాయి. ఒకసారి స్టార్ట్ చేసి చూడమంటున్నారు. — విజయవాడ పాఠకుడు*

దయచేసి చేయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ నగరంలో మునిగిన కార్ల సంగతి మీకు తెలిసిందే. మునక కొంత నష్టం చేస్తే, నీళ్లు తీశాక ఒక్కసారి నొక్కిన బటన్ అంతకంటే పెద్ద నష్టం చేయగలదు. ఇంజిన్ సిలిండర్ గాలిని నొక్కడానికి తయారైంది, నీరు నొక్కుడు పడదు. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌ను తీసుకుంటే ఒక్కో సిలిండర్ 300 సీసీ, పిస్టన్ పైకి వెళ్లినప్పుడు పైన మిగిలే చోటు సుమారు 33 సీసీ మాత్రమే. అంటే రెండు టేబుల్ స్పూన్లకు కాస్త మించిన నీరు సిలిండర్‌లో ఉన్నా పిస్టన్‌కు పైకి దారి లేదు. అప్పుడు సెల్ఫ్ తిప్పితే మోటారు దెబ్బతినవచ్చు, పక్క సిలిండర్ మండి ఊపందుకుంటే పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది.

నీటి గుర్తు కనిపించేలా కారు నలువైపులా ఫొటోలు తీసి ముందు బీమా సంస్థకు తెలియజేయండి. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు లేని పాలసీల్లో, మునిగిన కారును స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టానికి సాధారణంగా పరిహారం ఇవ్వరు. తర్వాత బ్యాటరీ మైనస్ వైరు విప్పి, బండిని టోయింగ్ లారీ మీదే తరలించండి. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ తీసి తడిని చూసి, స్పార్క్ ప్లగ్‌లు విప్పి, ఇంజిన్‌ను పానాతో చేత్తో తిప్పుతారు. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముతాయా, ఉత్త గాలి వస్తుందా అన్నది మీరూ దగ్గరుండి చూడండి. గాలి మాత్రమే వచ్చి, ఆయిల్ తెల్లగా పాలలా మారకుండా ఉండి, మునిగిన వైరింగ్‌ను, కంప్యూటర్‌ను ఆరబెట్టి పరీక్షించాక, కొత్త ఆయిల్ పోసి అప్పుడు బటన్ నొక్కవచ్చు.