రాత్రి రెండింటికి మెలకువగా ఉండేది వాళ్లే

"రోడ్డు మీద పడుకునేవాళ్లను పోలీసులెందుకు పట్టించుకోవాలి, అది మున్సిపాలిటీ పని కాదా?" అని ఒకరు అడిగారు. మున్సిపాలిటీ వాళ్లు పొద్దున పదింటికి వస్తారండీ. రాత్రి రెండింటికి వచ్చేది పోలీసే.

నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర టీ కొట్టు నాది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది చూడండి, ఆ వానల్లోనే ఒక పెద్దాయన నా కొట్టు ముందు రేకుల కింద చేరాడు. తనలో తనే మాట్లాడుకుంటుంటాడు. తెల్లారుజామున షట్టరు తీద్దామంటే లేవడు. స్టేషన్‌కి ఫోన్ చేసింది నేనే, దాచుకునేదేముంది. కానిస్టేబుల్ వచ్చి లాఠీతో నేల మీద రెండు దెబ్బలేస్తే లేచి రోడ్డుకి అటుపక్కకి పోయాడు. మర్నాడు మళ్లీ ఇక్కడే. అలా మూడుసార్లు. అటుపక్కకి తోలడమే పనైతే నేనే తోలుకుంటా, స్టేషన్ ఎందుకు?

నాలుగోసారి ఒక హోంగార్డు వచ్చాడు. లాఠీ గోడకి ఆనించి, రెండు టీలు చెప్పి, ఒకటి ఆయన చేతికిచ్చాడు. "ఏ ఊరు పెద్దాయనా మీది?" పలకలేదు. "ఇంట్లో బర్రెలున్నాయా?" అంటే మాత్రం తలెత్తి, "రెండు. ఒకటి చూడిది" అన్నాడు.

"పాలు యాడ పోస్తారు?"

"కలిగిరిలో."

ఊరి జాడ దొరికింది. ఫోటో తీసి అక్కడి వాళ్లకి వాట్సాప్‌లో పెట్టాడు. ఐదో రోజు తమ్ముడొచ్చాడు. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నారట.

ఇదంతా చట్టంలోనే ఉందని టీకి వచ్చే లాయరు గారు చెప్పారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, మతి తప్పి రోడ్ల మీద తిరిగేవాళ్లను లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లోపు సర్కారు ఆసుపత్రికి చేర్చాలి, ఇల్లు లేనివాళ్లయితే మిస్సింగ్ కేసు కట్టి ఇంటివాళ్లను వెతకాలి. ఎంతమంది కానిస్టేబుళ్లకి ఇది చెప్పారో! వాళ్ల బతుకంతా బందోబస్తులకే సరిపోతోంది, మంత్రి వచ్చినా రోడ్డే, తిరునాళ్లయినా రోడ్డే. ఇక హోంగార్డు జీతం సంగతి అడగొద్దు.

పట్టణాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, ఇల్లు లేనివాళ్లు రాత్రిళ్లు పడుకునే బస ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. నా కొట్టు ముందు పడుకునేవాళ్లని అడిగితే అదెక్కడుందో ఒక్కరికీ తెలీదు. పెట్రోలింగ్ జీపు డ్రైవరుకి ఆ అడ్రసు చెప్పిపెట్టినా చాలు.

ఆ హోంగార్డుని వేరేచోటికి వేశారు. ఇప్పుడొచ్చేవాళ్లది మళ్లీ లాఠీయే. నేనైతే ఫోన్ చేయడం మానేశా, టీ ఇచ్చి బర్రెలున్నాయా అని అడుగుతున్నా. మొన్నొకాయన బర్రెలు లేవు, గొర్రెలన్నాడు.