సెలవుల్లో కూడా కరెంటు బిల్లు ఎందుకు తగ్గట్లేదు?

ప్రశ్న: మాది హాస్టల్ ఉన్న ప్రైవేట్ జూనియర్ కాలేజీ, హెచ్‌టీ (హైటెన్షన్, పెద్ద వాడకందార్లకి ఎక్కువ వోల్టేజీలో ఇచ్చే) కనెక్షన్. మే నెలలో పిల్లలెవరూ లేకపోయినా బిల్లు బానే వచ్చిందండి. మేనేజ్‌మెంట్ వాళ్లేమో ఫ్యాన్లన్నీ మార్చేసి బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు లాగే మోటారు ఉన్నవి) పెట్టేద్దాం, సోలార్ కూడా వేద్దాం అంటున్నారు. ముందు ఏది చేయమంటారు?
- అకౌంట్స్ చూసే పాఠకుడు, నిజామాబాద్

జవాబు: ముందు ఏదీ కొనొద్దండి, పాత బిల్లులు ఒక ఏడాదివి ముందేసుకుని కూర్చోండి. హెచ్‌టీలో మీరు కాల్చిన యూనిట్లకే కాదు డిమాండ్‌కి (నెలలో ఎక్కువలో ఎక్కువ ఎంత లోడు లాగారో దానికి, కేవీఏలో కొలుస్తారు) కూడా కడతారు, అది ఆ నెల మీటర్లో రికార్డయిన డిమాండ్ గానీ మీ సీఎండీలో (కరెంటు పంపిణీ కంపెనీ డిస్కంతో అగ్రిమెంట్లో రాసుకున్న గరిష్ఠ డిమాండ్) 80 శాతం గానీ ఏది ఎక్కువైతే దానికి వేస్తారు, అంటే సీఎండీ 100 కేవీఏ అయితే కాలేజీకి తాళం వేసినా 80కి కట్టాల్సిందే. మీ మే నెల బిల్లు సంగతి చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఏడాదిలో బాగా ఎండగా ఉండి క్లాసులు నడిచిన నెలలో కూడా మీ డిమాండ్ 60 దాటలేదనుకోండి, అగ్రిమెంట్ గడువు చూసుకుని డిస్కంలో సీఎండీ తగ్గించమని అప్లై చేయండి. మరీ కిందికి దించేయకండి, దాటితే పెనాల్టీ పడుద్ది.

రెండోది, రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లారి ఒకసారి వాచ్‌మన్‌తో మీటర్ రీడింగ్ రాయించండి. క్లాసులు లేని టైంలో తిరిగే యూనిట్లు ఎక్కడివో అప్పుడు తెలుస్తాయి, వాటర్ కూలర్లు, ల్యాబ్‌లో యూపీఎస్‌లు, వరండా లైట్లు, ఎవరూ ఆపని ఓవర్‌హెడ్ ట్యాంక్ మోటారు, ఇవే ఉంటాయి ఎక్కువగా.

ఇక ఫ్యాన్లు. పాతది 75 వాట్లు, బీఎల్‌డీసీ 30 వాట్లు అనుకుందాం. క్లాస్‌రూంలో ఏడాదికి 1600 గంటలు తిరిగితే మిగిలేది 72 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలేసుకున్నా 576 రూపాయలే, 3000 పెట్టి కొన్న ఫ్యాన్ డబ్బులు రావడానికి ఐదేళ్లు పైనే. అదే హాస్టల్లో 3750 గంటలు తిరుగుద్ది, అక్కడ రెండేళ్లు దాటి కొన్ని నెలల్లో వచ్చేస్తాయి. కాబట్టి హాస్టల్లో మార్చండి, క్లాసుల్లోవి పాడైనప్పుడు మార్చుకోవచ్చు. ప్రిన్సిపాల్ గారి రూంలో ఏసీ 18లో ఉంటే మాత్రం 24కి పెట్టించండి, దానికి పైసా ఖర్చు లేదు (చెప్పడమే కష్టం అనుకోండి).

సోలార్ మంచిదే, నెట్ మీటరింగ్ ఉంటే సెలవుల్లో వచ్చిన కరెంటు కూడా గ్రిడ్‌కి పోయి లెక్కలోకొస్తుంది, కాకపోతే అది తగ్గించేది యూనిట్లని, ఆ 80 శాతం డిమాండ్ చార్జీని కాదు. అందుకే సీఎండీ సంగతి తేల్చుకున్నాకే సోలార్ వాళ్లని పిలవండి.