సుంకానికి హామీయా, పూచీకత్తా?

సందేహం: సుంకం కట్టని సరుకును ఒక దేశం మీదుగా మరో దేశానికి తరలించేటప్పుడు కస్టమ్స్ వాళ్లు గ్యారంటీ అడుగుతారు. దాన్ని నేను 'సుంకం హామీ' అని రాస్తే ఒకరు 'పూచీకత్తు' అని దిద్దారు, ఇంకొకరు 'ధరావతు' అన్నారు. ఏది ఒప్పు?

సమాధానం: పూచీకత్తే ఒప్పు. ధరావతు అన్నవారి మాటలోనూ కొంత నిజముంది.

హామీ అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ కాపాడేవాడని అర్థం, మన దగ్గర మాటివ్వడంగా స్థిరపడింది. "రేపు పంపిస్తానని హామీ ఇచ్చాడు" అంటాం. పంపకపోతే కోప్పడతాం, అంతే. పూచీ అలా కాదు. "నాదీ పూచీ" అన్నామంటే అవతలివాడు ఎగ్గొడితే ఆ డబ్బు మనం కట్టాల్సిందే. కస్టమ్స్‌కు కావలసింది సరిగ్గా ఇదే. సరిహద్దు దాటాల్సిన సరుకు దారిలోనే దించేసి అమ్మేస్తే, పూచీ పడ్డ బ్యాంకో బీమా సంస్థో ఆ సుంకం కట్టాలి. ఆ పూచీ కాగితమెక్కితే పూచీకత్తు. ఇందులో కత్తు అంటే ఉత్తరం, పత్రం. ఖత్ అన్న మాటే. అందుకే 'పూచీకత్తు పత్రం' అని రాయనక్కర్లేదు.

పూచీకి బదులు సుంకమంత నగదు ముందే జమ చేయిస్తే అది ధరావతు. లెక్క తేలాక వాపసు వచ్చే సొమ్ము కాబట్టి 'సుంకం చెల్లించారు' అని రాయకూడదు.

జామీను కథ వేరు. అరబ్బీలో ఆ మాటకే పూచీ పడ్డ మనిషి అని అర్థం. మనం దాన్ని పూచీకి వాడుకుని, మనిషికి 'జామీనుదారు' అని మళ్లీ తోక తగిలించాం. ఇప్పుడది కోర్టుల్లో బాగా పాతుకుపోయింది, సుంకాల సంగతిలో వాడకపోవడమే మేలు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకో తప్పు. ఇలాంటి సరుకుకు 'సుంకం మాఫీ' అని రాసేస్తున్నారు. ఏటీఏ కార్నెట్ సంగతే చూడండి. ప్రదర్శన వస్తువుల్ని ఆ ఒక్క పత్రంతో సుంకం కట్టకుండా తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లొచ్చు. గడువులోగా వెనక్కి తేకపోతే మాత్రం సుంకం మీద పడుతుంది. మాఫీ అయిన బాకీకి పూచీకత్తు ఎవరైనా అడుగుతారా? అక్కడ 'సుంకం వసూలు నిలిపి ఉంచారు' అనాలి. వస్తువులు తిరిగి వెళ్లినట్టు రుజువయ్యాక 'గ్యారంటీ విడుదలైంది' అనే బదులు 'పూచీ తీరింది' అని రాయండి.