డీసీఆర్ కోసం రాత్రి దాకా ఆగకు

చిరంజీవి మేనల్లుడికి,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మెడికల్ రెప్ ఉద్యోగంలో రాజమండ్రి హెడ్‌క్వార్టర్స్‌గా, అంటే నువ్వు ఉండి పనిచేసే ఊరుగా, దొరికినందుకు సంతోషం. ఉద్యోగం బాగానే ఉందిగానీ రాత్రిపూట డీసీఆర్ (ఆ రోజు కలిసిన డాక్టర్ల లెక్క చెప్పే రోజువారీ రిపోర్టు) నింపడానికే ప్రాణం పోతోందన్నావు. ఏ డాక్టర్‌ని ఎన్నింటికి కలిశావో, ఏ శాంపిల్ ఎక్కడిచ్చావో గుర్తురాక ఏదో ఒకటి వేసేస్తున్నానని కూడా అన్నావు. ఆ చివరి మాట గురించే ఈ ఉత్తరం.

అలా వేసింది చదివేవాడికి తెలిసిపోతుంది అల్లుడూ. నేను ఏరియా మేనేజర్‌గా ఉన్నప్పుడు, కాల్స్ (డాక్టర్లని కలిసిన విజిట్లు) అన్నీ ఏడింటికి ఒకటి, ఏడుంపావుకి ఒకటి, ఏడున్నరకి ఒకటి అని గుండ్రంగా కనబడితే అది గదిలో కూర్చుని రాసిన రిపోర్టేనని పట్టేసేవాణ్ణి. నిజంగా తిరిగినవాడి టైములు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఒకచోట గంటసేపు బెంచీ మీద ఎదురుచూపు, పక్క క్లినిక్‌లో రెండు నిమిషాల పలకరింపు.

నీ జేబులో ఉన్న ఫోన్‌కి టైమూ తెలుసు, చోటూ తెలుసు. ఆ రెండూ రాసిపెట్టే పని దానికి అప్పజెప్పు. కానీ ‘డాక్టర్‌ని కలిశాను’ అన్న మాట మాత్రం నువ్వు బటన్ నొక్కితేనే పడాలి. మీ కుర్రాళ్లు కొందరు ఈ రెండూ కలిపేసి, క్లినిక్ దగ్గరికి వెళ్లగానే విజిట్ దానంతటదే నమోదైపోవాలని చూస్తారు. అది కుదిరే పని కాదు.

మ్యాప్ మీద ఒకచోట చుట్టూ వలయం గీసి, ఫోన్ అందులోకి రాగానే ఫలానా పని చెయ్యమనడాన్ని జియోఫెన్స్ అంటారు కదా. ఆ వలయం వ్యాసార్థం కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసేవాళ్లకి గూగులే చెబుతుంది. వైఫై సిగ్నళ్లు బాగా ఉన్నచోట కూడా ఫోన్ అంచనా 20 నుంచి 50 మీటర్ల వరకూ అటూ ఇటూ అవుతుంది. వలయంలో అడుగుపెట్టిన సంగతి ఫోన్‌కి తెలియడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, కదలకుండా ఉంటే ఇంకా ఆలస్యం. ఇప్పుడు దానవాయిపేటలో ఒక వీధి ఊహించుకో. 100 మీటర్ల వలయం గీస్తే పిల్లల డాక్టరు, ఎముకల డాక్టరు, వాళ్ల కింద మందుల షాపులు అన్నీ అందులోకి వచ్చేస్తాయి. నువ్వు ఎవర్ని కలిశావో ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? అందుకే వలయం పేటకీ ఊరికీ, బటన్ డాక్టర్‌కి.

ముందు బటన్ సంగతి. నీది ఆండ్రాయిడ్ కాబట్టి మ్యాక్రోడ్రాయిడ్ అనే యాప్ వేసుకో. ‘ఇది జరిగితే అది చెయ్యి’ అని ఫోన్‌కి ఇచ్చే ఒక్కో ఆదేశాన్ని అందులో మ్యాక్రో అంటారు. ఉచితంగా ఐదు మ్యాక్రోలు పెట్టుకోనిస్తుంది, నీకు అవి చాలు. ట్రిగ్గర్‌గా, అంటే ఆ పనిని మొదలుపెట్టే మీటగా, వాల్యూమ్ బటన్ లాంగ్ ప్రెస్ పెట్టు. అది నొక్కగానే చిన్న పెట్టె తెరుచుకుని డాక్టర్ కోడ్, చెప్పిన ప్రోడక్ట్, ఇచ్చిన శాంపిల్స్ అడగాలి. నువ్వు టైపు చేసి ఓకే కొడితే తేదీ, టైము, లొకేషన్‌తో కలిపి ఒక ఫైల్లో కొత్త లైనుగా చేరాలి. వాటి మధ్య కామాలు పెడితే రాత్రికి ఎక్సెల్‌లో నేరుగా తెరుచుకుంటుంది. డేటా లేకపోయినా పనిచేస్తుంది, పల్లెల వైపు వెళ్లినప్పుడు దాని విలువ తెలుస్తుంది. స్క్రీన్ ఆఫ్‌లో ఉంటే కొన్ని ఫోన్లలో వాల్యూమ్ బటన్ స్పందించదు. నీది అలాంటిదైతే హోమ్ స్క్రీన్ మీదే ఒక బటన్ పెట్టుకో.

ఇఫ్ట్ (IFTTT) అనే యాప్‌లో ఇంకా తేలిక. బటన్ విడ్జెట్ నొక్కితే గూగుల్ షీట్‌లో ఒక వరుస పడుతుంది, టైమూ మ్యాప్ లింకూ దానంతటవే వస్తాయి. 2000 వరుసలు దాటితే కొత్త షీట్ మొదలుపెడుతుంది. కానీ నెట్ ఉండాలి, పైగా డాక్టర్ పేరు అడగదు. నీ పనికి నేనైతే మ్యాక్రోడ్రాయిడే చెబుతాను. రేపు ఎప్పుడైనా ఐఫోన్ కొంటే, వెనక రెండుసార్లు తట్టే బ్యాక్ ట్యాప్ 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచే ఉంది, దానికి షార్ట్‌కట్స్‌లో ఇదే పని కట్టుకోవచ్చు.

పవర్ బటన్ జోలికి మాత్రం వెళ్లకు. స్మార్ట్‌ఫోన్‌లో దాన్ని వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లాలని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది, 2017 జనవరి నుంచి అమలు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఐదుసార్లు నొక్కితే ఎస్ఓఎస్ కూడా ఉంది. డాక్టర్ గది బయట నిలబడి తడబాటులో 112కి ఫోన్ కొట్టావంటే బాగుండదు.

బటన్ నొక్కేది ఎప్పుడు? గదిలోంచి బయటికి వచ్చాక. డాక్టర్ ఎదురుగా ఫోన్ తీసి ఏదో ఎక్కించడం మర్యాద కాదు, మన మాటల్ని రికార్డు చేస్తున్నాడేమోనన్న అనుమానం కూడా వస్తుంది. అలాగని బండి దగ్గరికి వెళ్లేదాకా ఆగితే మర్చిపోతావు. తలుపు దాటిన వెంటనే.

ఇక వలయాలు. పేటలోకి రాగానే అక్కడి డాక్టర్ల పేర్లూ, వాళ్లు రెప్స్‌ని చూసే టైములూ నోటిఫికేషన్‌గా రావాలి. ఇది తప్పుగా మోగినా నష్టం లేదు, కొట్టేస్తావు. ఫోన్ వైబ్రేషన్‌లోకి వెళ్లడం కూడా పెట్టుకోవచ్చుగానీ, వలయం దాటిన సంగతి ఆలస్యంగా తెలుసుకుని రింగ్ తిరిగి రాకపోతే మేనేజర్ ఫోన్ మిస్ అవుతుంది. కనుక ఇంటి వైఫైకి కనెక్ట్ కాగానే రింగ్ ఆన్ అవ్వాలని ఇంకో మ్యాక్రో వేసి ఉంచు. ఇంటికి జీపీఎస్ కన్నా వైఫై గుర్తే నయం, బ్యాటరీ తినదు.

ఎక్స్‌స్టేషన్లకి, అంటే హెడ్‌క్వార్టర్స్ బయట నువ్వు వెళ్లొచ్చే ఊళ్లకి, ఊరంతా వచ్చేలా పెద్ద వలయం గీసి, వచ్చిన టైమూ వెళ్లిన టైమూ ఫైల్లో పడేలా చెయ్యి. నెలాఖరున టీఏ (ప్రయాణ ఖర్చుల) బిల్లు రాయడానికి ఇదే ఆధారం. గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్‌తో ఒకసారి సరిచూసుకో. అది ఇప్పుడు ఫోన్‌లోనే దాచుకుంటుంది కాబట్టి, బ్యాకప్ ఆన్ చెయ్యకుండా ఫోన్ మారిస్తే పాతదంతా పోతుంది. ఇక్కడే ఇంకో జాగ్రత్త. కొవ్వూరు వలయంలోకి రాగానే స్టాకిస్ట్‌కి (మీ కంపెనీ మందుల్ని షాపులకి అందించే హోల్‌సేల్ వ్యాపారికి) ‘వచ్చాను’ అని మెసేజ్ పోయేలా పెట్టావనుకో, ఆదివారం రైల్లో బెజవాడ వెళ్తూ గోదావరి దాటినా అది పోతుంది. ఆయన షాపు తెరిచి నీ కోసం కూర్చుంటాడు. అందుకే సోమవారం నుంచి శనివారం వరకూ, పని వేళల్లోనే అన్న కన్‌స్ట్రెయింట్ (షరతు) పెట్టు. మెసేజ్ మాత్రం నేరుగా పంపకుండా ‘పంపనా?’ అని అడిగేలా చెయ్యి.

అన్నీ పెట్టాక రెండు రోజులు పనిచేసి ఆగిపోతుంది, కంగారుపడకు. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి వెనకాల నడిచే యాప్‌లని చంపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీ పరిమితి తీసెయ్యి. లొకేషన్ అనుమతి ‘ఎల్లప్పుడూ’ అని ఉండాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి అది సెట్టింగ్స్‌లోకి వెళ్లి నువ్వే ఇవ్వాలి. ఈ ఒక్క యాప్‌కి ఇవ్వు, కంపెనీ యాప్‌కి తప్పదు, మిగతావాటికి తీసెయ్యి.

డాక్టర్ల పేర్లు పూర్తిగా రాయకు, కోడ్‌లు చాలు. పేషెంట్ల గురించి చెవిన పడ్డ ముక్క ఒక్కటీ ఆ ఫైల్లోకి ఎక్కకూడదు. మీ సీనియర్ ఒకాయన ఫేక్ జీపీఎస్, అంటే వెళ్లని చోట ఉన్నట్టు ఫోన్‌లో చూపించడం, నేర్పిస్తానన్నాడని చెప్పావు. అలాంటి మాక్ (దొంగ) లొకేషన్ ఆన్‌లో ఉంటే యాప్‌లు పసిగట్టగలవు, దొరికితే ఉద్యోగం మీదికి వస్తుంది. నువ్వు నిజంగా వెళ్లే ఊళ్లకి అదెందుకు?

మొదటి వారం బటన్ ఒక్కటే వాడు, వలయాలు తర్వాత. మీ డీసీఆర్ యాప్ ఎక్సెల్ ఫైల్ తీసుకుంటుందో లేదో మేనేజర్‌ని అడిగి చెప్పు. తీసుకుంటే ఫైల్లో కాలమ్‌ల క్రమం దానికి తగ్గట్టు మార్చుకోవాలి, ఆ పని ఫోన్లో మాట్లాడుకుంటూ చేద్దాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య